చవక గది కావాలా, జిరాఫీలు కనిపించే గది కావాలా?

ఫ్లోరిడాలో డిస్నీ వెకేషన్ క్లబ్ (ముందే కొనుక్కుని, ఏటా వచ్చే పాయింట్లతో డిస్నీ రిసార్టుల్లో గదులు తీసుకునే సభ్యత్వం) పాయింట్లు ఉన్నవాళ్లకి, చుట్టూ ఆఫ్రికా జంతువులు తిరిగే డిస్నీ రిసార్ట్ యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ దగ్గర ఈ చర్చ ఎప్పటికీ తెగదు. అక్కడి జాంబో హౌస్‌లో 'వాల్యూ' స్టూడియో (అంటే చవక రకం ఒంటి గది) అని ఒకటుంది, పక్క భవనం కిదానీలో ఈ రకం లేదు. గది కాస్త చిన్నది, కిటికీలోంచి పార్కింగో చెట్లో కనిపిస్తాయి, కానీ పాయింట్లు చాలా తక్కువ పడతాయి. సవానా వ్యూ స్టూడియో, అంటే జంతువులు తిరిగే గడ్డి మైదానం వైపున్న గది అయితే పొద్దున్నే కాఫీ పట్టుకుని బాల్కనీలో నిలబడితే ఎదురుగా జిరాఫీలు, జీబ్రాలు, అదీ దాని అసలు విలువ.

నా లెక్క మాత్రం వేరు. పొద్దున పార్కుకి వెళ్లి రాత్రి పడుకోవడానికి వచ్చేవాళ్లకి ఆ వ్యూ ఎందుకండీ? లాబీ వెనకున్న చోట నిలబడి అవే జంతువుల్ని ఎవరైనా చూడొచ్చు, వాల్యూ గదిలో దిగినవాళ్లు కూడా. మిగిల్చిన పాయింట్లు గడువులోగా వచ్చే ఏడాదికి దాచుకోవచ్చు. రెండు రకాల స్టూడియోల్లోనూ ఉండేది చిన్న ఫ్రిజ్, మైక్రోవేవ్ అంతే, పూర్తి వంటగది కావాలంటే వన్ బెడ్‌రూమ్‌కి పోవాల్సిందే.

చిక్కల్లా దొరకడమే. వాల్యూ గదులు కొన్నే, ఆ రిసార్ట్‌లోనే సభ్యత్వం కొన్నవాళ్లు 11 నెలల ముందే పట్టేస్తారు, మిగతా సభ్యులకి 7 నెలల ముందు బుకింగ్ తలుపు తెరిచేసరికి మిగిలేది అరుదు. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి పగలంతా గదిలోనే ఉంటారంటే మాత్రం నేనూ సవానాకే ఓటేస్తా.