పాత జీపు స్టీరింగ్ ఊగుతోందా? బాక్స్ బిగించడం మేలా, రాడ్ ఎండ్‌లు మార్చడం మేలా?

మొన్నటిదాకా మా మహీంద్రా ఎంఎం 540లో గజపతినగరం నుంచి విజయనగరం వెళ్లాలంటే టెన్షనే. స్టీరింగ్ నాలుగు వేళ్ల మేర తిప్పినా బండికి చీమ కుట్టినట్టు ఉండేది కాదు, ఆపైన ఒక్కసారిగా పక్కకి లాగేసేది. ఎదురుగా సాలూరు లారీ వస్తే గుండె గొంతులోకొచ్చేది.

"బాక్స్ టైట్ చేసేద్దాం బాబూ, పది నిమిషాల పని" అన్నాడు షెడ్డులో మేస్త్రీ. స్టీరింగ్ బాక్స్ (స్టీరింగ్ తిప్పుడుని చక్రాల వైపు అందించే గేర్ల పెట్టె) మీద లాక్ నట్టు వదులు చేసి స్క్రూ తిప్పడమే కదా, ఖర్చు కూడా లేదని సరేనన్నాను. ఊగులాట కొంచెం తగ్గింది గానీ, మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావడం మానేసింది. బండి ఎక్కువగా నడిచేది తిన్నగానే కాబట్టి బాక్స్ లోపల అరుగుదలంతా మధ్యలోనే ఉంటుంది. అక్కడి ప్లే (వదులు) పోయేదాకా బిగిస్తే, అరగని చోట్ల పట్టేస్తుంది. చేస్తే డ్రాగ్ లింక్ (బాక్స్ నుంచి చక్రాల వైపు వెళ్లే రాడ్డు) విప్పి, కాస్త కాస్త బిగిస్తూ, ఈ కొస నుంచి ఆ కొసదాకా తిప్పి చూస్తూ చెయ్యాలి. ఎక్కడ పట్టినా వదులు చెయ్యాల్సిందే.

నేనూ వదులు చేయించేశాను. ఆదివారం ఇంజన్ ఆపి, చక్రాలు నేల మీదే ఉంచి, మా తమ్ముణ్ణి సీట్లో కూర్చోబెట్టి స్టీరింగ్ కొంచెం కొంచెం ఊపమన్నాను. నేను కింద దూరి ఒక్కో జాయింటూ పట్టుకుని చూశాను. బాక్స్ నుంచి వచ్చే ఆర్మ్ స్టీరింగ్‌తో పాటే కదులుతోంది. డ్రాగ్ లింక్ అవతలి కొసనున్న జాయింట్ (దీన్నే రాడ్ ఎండ్ అంటారు) దగ్గర మాత్రం టక్కుమని చప్పుడు. రబ్బరు బూటు చిరిగిపోయి, లోపల గ్రీజు ఉండాల్సిన చోట ఎర్రమట్టి!

అందుకే నా ఓటు రాడ్ ఎండ్‌లకే. బాక్స్ బిగింపు కంటే ఖర్చే, పైగా మార్చాక టో-ఇన్ మళ్లీ పెట్టించాలి (ముందు టైర్లు ముందు వైపు ఒకటి రెండు మిల్లీమీటర్లు దగ్గరగా ఉండాలి). కానీ అరిగిన వస్తువు పోయి కొత్తది వస్తుంది. పనిలో పనిగా చక్రం జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. కదిలితే బ్రేక్ తొక్కించి మళ్లీ ఊపండి. అప్పుడు ఆగిపోతే వీల్ బేరింగ్, అప్పటికీ కదిలితే కింగ్ పిన్ (చక్రం కుడి ఎడమలకి తిరగడానికి ఆధారమైన పిన్ను) బేరింగ్.

కమాన్లు (స్ప్రింగు పట్టీలు) మార్చి ఎత్తు పెంచిన బండైతే లెక్క వేరు. కాస్టర్ (కింగ్ పిన్ వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గిపోయి, అన్నీ కొత్తవి వేసినా తిన్నగా పోదు. కమాన్ల దగ్గర కోణం సరిచేసే వెడ్జ్‌లు వేయించాలి. స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ రాడ్లకి బిగించే షాక్ అబ్జార్బర్) కుదుపుని దాస్తుంది తప్ప ప్లే తీయదు.

ఇక పవర్ స్టీరింగ్. ఊగులాటకి అది మందు కాదు. అరిగిన ఎండ్‌ల మీద బిగిస్తే, తేలిగ్గా తిరిగే స్టీరింగ్‌తో బండి ఇంకా జారినట్టు అనిపిస్తుంది. అయినా ఆ కోరిక నాకు చావలేదు. గంటస్తంభం దగ్గర సందులోంచి రివర్సు తీసిన ప్రతిసారీ భుజాలు అడుగుతూనే ఉంటాయి.