నలబై మూడేండ్ల వయసుల ఏసీ రిపేరు నేర్చుకున్న: నల్లగొండ దేవరకొండ రోడ్డు ట్రైనింగ్ సెంటర్ ఎట్లుంది?

మొదటి రోజు పొద్దుగాల ఏడింటికి మెట్లెక్కి లోపల అడుగు పెట్టంగనే పోరగాండ్లందరు లేచి నిలబడ్డరు. నన్ను కొత్త సార్ అనుకున్నరు. నేను కూడ నేర్చుకోనీకే వచ్చిన అని చెప్పనీకి నోరు పెగలలే. సారే వచ్చి, "ఈ అన్న మీ బ్యాచే. జర జరిగి జాగ ఇయ్యుండ్రి" అన్నడు. ఆ మాటతోటే నాకు సగం బరువు దిగింది.

చౌటుప్పల్ దిక్కు ఒక మందుల కంపెనీల పదిహేడేండ్లు క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల చేసిన. ఒక బ్లాకు మూసేసి మమ్మల్ని ఇంటికి పంపిండ్రు. నా చివరి బేసిక్ 19,500. దాన్ని 15తోటి గుణించి 26తోటి భాగిస్తే ఒక్క ఏడాది సర్వీసుకు 11,250. పదిహేడేండ్లకు 1,91,250 రూపాయల గ్రాట్యుటీ. ఈ లెక్క ఎందుకు రాస్తున్ననంటే, నౌకరి పోయిన దుఃఖంల నాతోటోళ్లు కొందరు కాయితం మీద ఎంత రాసుంటే అంతకే సంతకం పెట్టిండ్రు. ఐదేండ్లు సర్వీసు నిండినోళ్లకు అది హక్కు. ఎవరి లెక్క వాళ్లు చేసుకోవాలె.

తర్వాత ఎనిమిది నెలలు ఇంటర్వ్యూలకు తిరిగిన. అన్ని చోట్ల ఒకటే మాట, మీకిచ్చే జీతంల మాకు ఇద్దరు కొత్త పిల్లలొస్తరని. మా ఆమె ఒక్క మాట అనలే. మా అమ్మ మాత్రం రోజు పొద్దున నా టిఫిన్ డబ్బా కడిగి బోర్లిస్తనే ఉండేది.

ఇగ సెంటర్ సంగతి. మోటర్ వైండింగ్ షాపు మీద రెండు గదులు. మూడు నెలల కోర్సు, పొద్దుగాల 7 నుంచి 10 దాంక. ఫీజు 22,000, రెండు సార్ల కట్టనిస్తరు. బ్యాచుకు పన్నెండు మంది. గోడలకు ఆరు స్ప్లిట్ ఏసీలు, కింద పాత ఫ్రిజ్‌లు, ఒక డీప్ ఫ్రీజర్. బోర్డు మీద పాఠం అర్ధగంటనే, మిగిలిందంత చేతులతోటి పనే.

మూడో వారంల ఒక ఏసీల గ్యాస్ నిలుస్తలేదు. పిల్లలు దొరికిన చోటల్ల సబ్బు నురగ పూస్తున్నరు. సార్ నా దిక్కు తిరిగి, "మీ ల్యాబుల లీకు ఎట్ల పట్టేటోళ్లన్నా?" అని అడిగిండు. మందుల ఏమేం ఎంతెంత ఉందో చూసే హెచ్‌పీఎల్‌సీ మిషన్ల ప్రెషర్ పడితే పంపు కాడ షురువు చేసి ఒక్కొక్క జాయింటు మూసుకుంట పోతం, ఏ జాయింటు దాంక ప్రెషర్ నిలుస్తదో లీకు దాని అవతల ఉన్నట్టు, ప్రతి రీడింగు టైంతోటి పుస్తకంల రాస్తం అని చెప్పిన. సార్ నన్ను బోర్డు కాడికి పిలిచి అదే అందరికి చెప్పమన్నడు. మరునాటి నుంచి ప్రతి ఒక్కరి చేతుల నోట్‌బుక్. గ్యాస్ ప్రెషర్ ఎంత, కంప్రెసర్ ఎన్ని ఆంపియర్లు తీసుకుంటుంది, ఏసీల నుంచి వచ్చే గాలి ఎన్ని డిగ్రీలు, అన్ని రాయాలె. నా పదిహేడేండ్లు ఎక్కడికి పోలేదని ఆ గదిలనే తెలిసొచ్చింది. ఫీజు మొత్తం ఆ ఒక్క పొద్దుకే ఇచ్చినా నాకు బాధ లేదు.

పని నేర్పుడుల సార్ మస్తు గట్టి. లీకు చూడనీకి నైట్రోజన్ తప్ప ఇంకోటి పెట్టనియ్యడు. బయట కొందరు ఆక్సిజన్ సిలిండర్ పెడ్తరు, అది కంప్రెసర్ల నూనెతోటి కలిస్తే పేలుతది, పానాలు పోతయి. కొత్త ఏసీలల్ల ఉండే ఆర్-32 గ్యాస్ అంటుకునే రకం కాబట్టి కిటికీలు తెరవందే వాల్వు ముట్టనియ్యడు. వ్యాక్యూమ్, అంటె గ్యాస్ నింపకముందు పైపుల గాలి, తేమ గుంజేసుడు, అది కూడ అంతే. పంపు పెట్టి లోపలి ప్రెషర్‌ను 500 మైక్రాన్ల (వ్యాక్యూమ్ కొలత) కిందికి దించాలె, వాల్వు మూసి పది నిమిషాలు గేజు చూడాలె, ముల్లు కదలకుంటెనే గ్యాస్. ఈ కొత్త గ్యాసులతోటి వచ్చే నూనె తేమను గుంజుకుంటది, లోపల తడి మిగిలితే యాసిడ్ తయారై కంప్రెసర్‌ను తింటది. బయట చాలమంది రెండు నిమిషాలు గ్యాస్ వదిలి గాలి ఎల్లిపోయిందంటరు.

లోట్లు కూడ చెప్పాలె. మైక్రాన్ గేజు ఒక్కటే ఉంది, పన్నెండు మందికి వంతులు. ఇన్వర్టర్ ఏసీ బోర్డుల మీద నాలుగు రోజులే చెప్పిండ్రు. ఇప్పుడు వచ్చేటియి ఎక్కువ అవే, కనీసం రెండు వారాలు కావాలె. సర్టిఫికెట్ సెంటర్ సొంతది. ఐటీఐల ఈ ట్రేడ్ రెండేండ్లు చదివినోళ్లకు వచ్చే సర్టిఫికెట్‌కు ఇది సాటి కాదు, సర్కారు కొలువు ఆశ ఉన్నోళ్లు ఐటీఐకే పోవాలె. బయట బోర్డు మీద 'పని చూపించబడును' అని ఉంటది. అది నౌకరి కాదు, ఎండకాలం సీజన్ల మెకానిక్‌ల వెంబడి రోజుకు 400 కూలికి పంపుతరు. ఆ మాట ఫీజు కట్టకముందే చెప్పాలని సార్‌కు మొఖం మీదనే చెప్పిన. మా బ్యాచుల ఒక ఆడపిల్ల ఉండె, బాత్రూం లేక కిందింటోళ్లను అడుక్కునేది. ఇది మాత్రం ఎంటనే మార్చాలె.

గ్రాట్యుటీ పైసలల్ల 34,000 పెట్టి వ్యాక్యూమ్ పంపు, గేజులు, ఫ్లేరింగ్ టూలు, క్లాంప్ మీటర్ కొన్న. మొదటి సీజన్ మే నెల ఎండల పానగల్ దిక్కు డాబాల మీద ఔట్‌డోర్ యూనిట్లు విప్పుడు కష్టమే అయింది, నడుము పట్టేసింది. అయితే ప్రకాశం బజార్ల ఒక మెడికల్ షాపు ఫ్రిజ్ చూసినప్పుడు నా దారి దొరికింది. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల నడుమ ఉండాలె. ఆయన ఫ్రిజ్ రాత్రి కరెంటు పోయొచ్చినంక 13 చూపిస్తుంది, ఆయనకు తెల్వదు. రిపేరు చేసి, లోపల థర్మామీటర్ పెట్టి, పొద్దున మాపున రాసే కాయితం గోడకు అంటించొచ్చిన. ల్యాబుల మందులను ఒకే వేడిల పెట్టి పరీక్షించే స్టెబిలిటీ ఛాంబర్లకు నేను రోజు చేసిన పనే అది. ఇప్పుడు తొమ్మిది మెడికల్ షాపులు, రెండు డయాగ్నస్టిక్ ల్యాబులు సంవత్సరం కాంట్రాక్టు ఇచ్చినయి. పాత జీతం అంత ఇంక రాలే, వానకాలం రెండు నెలలు చేతుల పైస ఆడదు. కొడుకు ఇంటర్ ఫీజు మాత్రం టైంకే కట్టిన.

ఐదుకు నాలుగు ఇస్త. చేరాలనుకునేటోళ్లు ఫీజు కట్టకముందు ఒక పొద్దు వచ్చి కూసుంటమని అడుగుండ్రి, సార్ కాదనడు. తోలు గ్లౌజులు మీవి మీరే తెచ్చుకోండ్రి, అక్కడివి చినిగిపోయినయి. నలబై దాటినోళ్లయితే మీరు ఇన్నేండ్లు ఏం పని చేసిండ్రో ముందే సార్‌కు చెప్పుండ్రి.