ఉమ్మడి వాటర్ అథారిటీ: నీళ్లు బానే ఉన్నాయి, గొడవంతా అగ్రిమెంట్లోనే

ఐదుకి నాలుగు స్టార్లు. అమెరికాలో పక్కపక్క మున్సిపాలిటీలు కలిసి ఒకే వాటర్ అథారిటీ పెట్టుకునే పద్ధతి గురించి ఈ రివ్యూ. ట్యాప్‌లో నీళ్లు ఎలా వస్తున్నాయో అందరం చూస్తాం గానీ ఆ సర్వీస్ బావుంటుందా లేదా అన్నది చాలావరకు మొదట్లో సంతకాలు పెట్టిన కాగితంలోనే తేలిపోద్ది.

పెట్టుకోవడం పెద్ద పనేం కాదు, ఒక్కో కౌన్సిల్ తీర్మానం చేస్తే చట్టప్రకారం వేరే సంస్థ ఒకటి పుడుతుంది, సొంత బోర్డు, సొంత ఖాతా, మామూలుగా పన్నులు వెయ్యదు, నీళ్ల బిల్లుల ఆదాయం చూపించి బాండ్ల మీద అప్పు తెచ్చుకుంటుంది. లాభం కూడా తెలిసిందే, చిన్న ఊరు ఒక్కటే ట్రీట్‌మెంట్ ప్లాంట్ కట్టాలంటే నడ్డి విరుగుద్ది. 1928లో దక్షిణ కాలిఫోర్నియాలో పలు సిటీలు మెట్రోపాలిటన్ వాటర్ డిస్ట్రిక్ట్‌గా కలిశాయి కాబట్టే కొలరాడో నది నుంచి 242 మైళ్లు నీళ్లు లాక్కొచ్చారు. చిన్న సిటీలు విడివిడిగా అయితే ఆ ఊసే ఎత్తేవి కాదు.

ఇక బోర్డులో ఓట్లు. అసలు పేచీ ఇక్కడే. పైన చెప్పిన కాలిఫోర్నియా దాంట్లో ఓట్లు ఆస్తి విలువని బట్టి, అంటే డబ్బున్న చోట మాట చెల్లుద్ది. నాకు నచ్చింది డెట్రాయిట్ చుట్టుపక్కల 2016 జనవరి 1 నుంచి నడుస్తున్న గ్రేట్ లేక్స్ వాటర్ అథారిటీ. బోర్డులో ఆరుగురు, డెట్రాయిట్‌కి ఇద్దరు, మూడు కౌంటీలకి (మన జిల్లాల్లాంటివి) తలా ఒకరు, గవర్నర్ తరఫున ఒకరు, రేట్లు బడ్జెట్ లాంటి వాటికి ఐదు ఓట్లు పడాల్సిందే. సిటీ ఒక్కటే పట్టుబట్టినా కుదరదు, కౌంటీలు మూడూ ఒక్కటైనా కుదరదు. పైగా పెద్ద పైపులు, ప్లాంట్లు సిటీ అమ్మేసుకోలేదు, ఏడాదికి 5 కోట్ల డాలర్లకి 40 ఏళ్ల లీజుకిచ్చింది. తెలివైన పని.

మైనస్‌లు చెప్పాలంటే, పాత అప్పులు ఎవరి నెత్తిన పడతాయో ముందే రాసుకోకపోతే తర్వాత కోర్టులే గతి. కొన్ని కాంట్రాక్టుల్లో వాడినా వాడకపోయినా ఇంత నీటికి కట్టాల్సిందే అని ఉంటుంది, జనం పొదుపు చేసినా బిల్లు తగ్గదు, ఇదెక్కడి న్యాయమో. అన్నిటికన్నా డేంజర్ మాత్రం పాత సప్లయ్ నుంచి కొత్తదానికి మారేటప్పుడు మధ్యలో ఉండే గ్యాప్. మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ సిటీ కరెగ్నాండి అనే కొత్త ఉమ్మడి అథారిటీలో చేరింది, హ్యూరాన్ సరస్సు నుంచి పైప్‌లైన్ ఇంకా పూర్తవ్వలేదు, ఈలోపు 2014 ఏప్రిల్లో ఫ్లింట్ నది నీళ్లకి మారారు, నీళ్లు పైపుల్ని తినెయ్యకుండా కలపాల్సిన కెమికల్ కలపలేదు, పైపుల్లోని సీసం ఇళ్లలోకి వచ్చేసింది. పైప్‌లైన్ అయ్యేదాకా పాత సప్లయ్ ఆపకూడదని ఒక్క క్లాజ్ పెట్టుకుని ఉంటే చాలు కదా అనిపిస్తుంది.

ఒక స్టార్ కోసింది కంప్లయింట్ల విషయంలో. రోడ్డు మీద లీకేజీ అని ఫోన్ చేస్తే మున్సిపాలిటీ వాళ్లు అథారిటీ పైపు అంటారు, అథారిటీ వాళ్లు మీటర్ దాటాక మాది కాదంటారు, నీళ్లు మాత్రం అలా పోతూనే ఉంటాయి. ఏ పైపు ఎవరిదో మ్యాప్ ఒకటి వెబ్‌సైట్‌లో పెట్టండి, ఆ స్టార్ కూడా ఇచ్చేస్తా.