పిల్లల ఎగ్జిమాకు ఏది మేలు: ఆయింట్‌మెంటా, క్రీమా? తేలిక మందా, గట్టి మందా?

చిక్కు పేరుతోనే మొదలవుతుంది. ‘తామర’ అంటే కొందరికి చర్మం పొడిబారి దురద పెట్టే ఎగ్జిమా, కొందరికి గుండ్రంగా అంచు కట్టి పాకే ఫంగస్ జబ్బు. ఫంగస్ అంటుకుంటుంది, ఎగ్జిమా అంటుకోదు. ఎగ్జిమాకు వాడే స్టిరాయిడ్‌ను ఫంగస్ మీద రాస్తే నాలుగు రోజులు దురద తగ్గినట్టే ఉంటుంది, మచ్చ మాత్రం పాకుతూనే ఉంటుంది. ఫంగస్ మందు ఎగ్జిమాను తగ్గించదు. అందుకే స్టిరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన ట్యూబును ‘దేనికైనా పనికొస్తుందిలే’ అని తెచ్చుకోవడం కన్నా, ఏ జబ్బో ఒకసారి డాక్టరు చేత తేల్చుకోవడం మేలు.

వయసుతో పాటు ఎగ్జిమా చోటు మారుతుంది. నెలల పిల్లల్లో బుగ్గలు, మాడు, కాళ్లూ చేతుల బయటివైపు వస్తుంది. డైపర్ కట్టే చోట సాధారణంగా రాదు. రెండేళ్లు దాటాక మోచేతి మడతలు, మోకాళ్ల వెనక, మణికట్టు. పెద్దయ్యాక చేతులు, కనురెప్పలు, మెడ. ఏడాది బిడ్డకు కుదిరిన ట్యూబు పదిహేనేళ్లకూ కుదరాలని లేదు.

ఆయింట్‌మెంట్, క్రీమ్, లోషన్

ఒంటికి తేమ పట్టించే మాయిశ్చరైజర్లలో ఆయింట్‌మెంట్ దాదాపు అంతా జిడ్డే. నీళ్లు ఉండవు కాబట్టి నిల్వ పదార్థాల అవసరం పెద్దగా ఉండదు, పగిలిన చర్మం మీద రాసినా మంట తక్కువ. చర్మంలోని తేమను ఎక్కువసేపు పట్టి ఉంచేది ఇదే. లోపాలూ ఉన్నాయి: బట్టలకు అంటుతుంది, ఉక్కపోతలో దురద పెంచుతుంది, వెంట్రుకలున్న చోట దట్టంగా పులిమితే కుదుళ్ల దగ్గర చీము పొక్కులు రావచ్చు. క్రీమ్‌లో నీళ్లు, నూనె కలిసి ఉంటాయి. త్వరగా ఇంకుతుంది, బడికి వెళ్లే పూట హాయిగా ఉంటుంది, కానీ పగుళ్ల మీద చురుక్కుమనవచ్చు. లోషన్‌లో నీళ్లే ఎక్కువ. మాడుకు, వెంట్రుకలున్న చోటికి బాగుంటుంది గానీ చాలా త్వరగా ఆరిపోతుంది.

ఇది చదివితే ఆయింట్‌మెంటే గెలిచినట్టు కనిపిస్తుంది. 2022లో బ్రిటన్‌లో వెలువడిన పరీక్ష ఫలితం వేరేలా ఉంది. ఆరు నెలల నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలు 550 మందికి లోషన్, క్రీమ్, జెల్, ఆయింట్‌మెంట్‌లలో ఏదో ఒకటి ఇచ్చి 16 వారాలు చూస్తే, ఎగ్జిమా తీవ్రతలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మంట మాత్రం ఆయింట్‌మెంట్‌తో తక్కువ. మా లెక్కలో దీని అర్థం ఒకటే: బిడ్డ రాయనిచ్చేదే మంచిది. పాపాయిలకు ఆయింట్‌మెంట్, బడి వయసులో పగలు క్రీమ్, రాత్రి ఆయింట్‌మెంట్, టీనేజీలో వాళ్ల చేయి దేని మీదకు పోతే అది.

తేడా వచ్చేది రకంలో కన్నా మోతాదులో. ఒళ్లంతా పొడిబారిన బిడ్డకు మాయిశ్చరైజర్ వారానికి 250 నుంచి 500 గ్రాములు పడుతుంది. 50 గ్రాముల ట్యూబు నెల రోజులు వచ్చిందంటే అది రాసినట్టు కాదు. చుక్కలు చుక్కలుగా పెట్టి, వెంట్రుకలు వాలే దిశలో కిందికి నిమరాలి. రుద్ది రుద్ది ఇంకించబోతే వేడి పుట్టి దురద లేస్తుంది. డబ్బాలో వేళ్లు పెట్టకుండా శుభ్రమైన చెంచాతో తీయండి. వేళ్లతో లోపలికి చేరిన క్రిములు మళ్లీ చర్మానికే వస్తాయి. జిడ్డు పట్టిన బట్టలు, దుప్పట్లు ఉతికినా సులువుగా నిప్పంటుకుంటాయి, కాబట్టి పొయ్యికి, దీపానికి దూరంగా ఉంచాలి.

మాయిశ్చరైజర్ బదులు వంటింటి నూనె రాస్తే? ఆలివ్ నూనె వద్దు. అందులోని ఒలీయిక్ ఆమ్లం చర్మపు పైపొరను ఇంకా బలహీనపరుస్తుంది.

స్నానం రోజూనా, రోజు విడిచి రోజా అన్న వాదన మీద అంత పట్టింపు అక్కర్లేదు. గోరువెచ్చని నీళ్లు, 5 నుంచి 10 నిమిషాలు, నురగ సబ్బుకు బదులు సబ్బులేని క్లెన్సర్, తువాలుతో రుద్దకుండా అద్దడం, ఒంటి మీద తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్: ఇవి జరిగితే రోజూ పోసినా నష్టం లేదు. నీళ్లలో కలిపే ఖరీదైన స్నానపు నూనెల మీద మాత్రం డబ్బు పెట్టకండి. 482 మంది పిల్లలతో జరిపి 2018లో ప్రకటించిన పరీక్షలో వాటి వల్ల అదనపు లాభం కనబడలేదు.

తేలిక స్టిరాయిడ్ ఎక్కువ రోజులా, గట్టిది కొద్ది రోజులా?

తల్లిదండ్రులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. 1 శాతం హైడ్రోకార్టిసోన్ తేలిక మందు. 0.05 శాతం క్లోబెటాసోన్ మధ్యస్థం. 0.1 శాతం మోమెటాసోన్, 0.1 శాతం బీటామెథాసోన్ వాలరేట్ గట్టివి. క్లోబెటాసోల్ అతి గట్టిది. చర్మవైద్యుడు చెప్పకుండా పిల్లల మీద వాడేది కాదు.

2002లో ప్రచురితమైన ఒక బ్రిటిష్ పరీక్షలో, ఓ మోస్తరు ఎగ్జిమా ఉన్న పిల్లల్లో కొందరికి గట్టి బీటామెథాసోన్ 3 రోజులు, కొందరికి హైడ్రోకార్టిసోన్ 7 రోజులు చొప్పున వాడారు. 18 వారాల తర్వాత ఫలితం రెండింటికీ ఒకటే, చర్మం పలచబడటంలోనూ తేడా లేదు. ఒంటి మీద, కాళ్లూ చేతుల మీద డాక్టరు గట్టిదే రాసిచ్చారంటే బెంబేలు పడనక్కర్లేదు. ముఖం, మెడ, చంకలు, గజ్జల సంగతి వేరు. అక్కడ చర్మం పలుచన, మందు ఎక్కువగా లోపలికి పోతుంది, కాబట్టి తేలికదే మేలు. డైపర్ కింద కూడా అంతే. మూసి ఉన్న చోట మందు ఇంకా బాగా ఇంకుతుంది.

నిజంగా చెడగొట్టేది మందు బలం కన్నా మధ్యలో మానేయడం. రెండు రోజులు రాస్తారు, ఎరుపు తగ్గుతుంది, భయంతో ఆపేస్తారు. లోపల వాపు సగం అలాగే ఉంటుంది, వారానికి మళ్లీ రేగుతుంది. చివరికి లెక్కేస్తే ఒక్కసారి సరిగ్గా రాసిన దానికన్నా ఎక్కువ స్టిరాయిడ్ పడుతుంది. ఎప్పుడు ఆపాలో చూపు కన్నా వేలు బాగా చెబుతుంది: కళ్లు మూసుకుని మచ్చ మీద నిమరండి. గరుకు, గట్టిదనం పోయి పక్క చర్మంలా నున్నగా తగిలితే ఆపే సమయం దగ్గరపడినట్టే. చామనఛాయ, నలుపు ఒంటి మీద ఈ పరీక్ష మరీ అవసరం. అక్కడ ఎరుపు సరిగ్గా తెలియదు. మచ్చ ముదురు గోధుమ, ఊదా, బూడిద రంగుల్లో కనబడుతుంది. మానాక మిగిలే తెల్లటి మచ్చలను చూసి ‘మందు రంగు తీసేసింది’ అంటారు. చాలాసార్లు అవి జబ్బు వదిలిన గుర్తులే, నెలల్లో సర్దుకుంటాయి.

‘పలచగా రాయండి’ అన్న మాటకు కొలత లేదు. ఈ కొలత పెట్టుకోండి: పెద్దవాళ్ల చూపుడువేలి కొస నుంచి మొదటి గీత వరకు ట్యూబు నుంచి పిండిన గీత సుమారు అర గ్రాము. పెద్దవాళ్ల రెండు అరచేతులంత, వేళ్లతో సహా, చోటుకు అది సరిపోతుంది. ఎగ్జిమా ఆ భాగమంతా ఉంటే, ఏడాది నుంచి రెండేళ్ల బిడ్డకు ఒక చేతికి ఒకటిన్నర గీత, ఒక కాలికి రెండు. ఆరు నుంచి పదేళ్ల పిల్లలకు చేతికి రెండున్నర, కాలికి నాలుగున్నర. మచ్చలున్న మేరకే రాయాలి. మాయిశ్చరైజర్‌కూ స్టిరాయిడ్‌కూ మధ్య 20 నిమిషాలైనా ఎడం ఇవ్వండి. వెంటవెంటనే రాస్తే మందు పలచబడి మచ్చ లేని చోటికి జారుతుంది.

స్టిరాయిడా, టాక్రోలిమసా?

కనురెప్పల మీద, ముఖం మీద మాటిమాటికీ వచ్చే ఎగ్జిమాకు స్టిరాయిడ్ కాని పూత మందు టాక్రోలిమస్ మేలు, ఎందుకంటే అది చర్మాన్ని పలచబరచదు. 2 నుంచి 15 ఏళ్ల వరకు 0.03 శాతం, 16 దాటాక 0.1 శాతం కూడా వాడతారు. మొదటి వారం మంట పెడుతుంది, చాలామంది అక్కడే ట్యూబు పారేస్తారు. బాగా రేగి ఉన్నప్పుడు మొదలుపెడితే మంట మరీ ఎక్కువ. ముందు స్టిరాయిడ్‌తో చల్లార్చి ఆ తర్వాత దీనికి మారితే తట్టుకోగలుగుతారు. 2006లో అమెరికా మందుల సంస్థ దీని మీద క్యాన్సర్ హెచ్చరిక పెట్టించింది. ఆ తర్వాత పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాల్లో ఆ ముప్పు పెరిగినట్టు తేలలేదు.

రేగినప్పుడే రాయాలా, ముందుగానేనా? ఏడాదిలో రెండు మూడు సార్లు వచ్చేదానికి రేగినప్పుడు చాలు. ఒకే చోట నెలకు రెండు మూడు సార్లు వస్తుంటే, ముందు పూర్తిగా తగ్గించి, ఆ తర్వాత అదే చోట వారానికి రెండు రోజులు రాసే పద్ధతి మేలు. అది స్టిరాయిడ్‌తోనైనా, టాక్రోలిమస్‌తోనైనా డాక్టరు సలహాతో సాగాలి.

తిండి మాన్పించడమా, చర్మం చూసుకోవడమా?

ముందు చర్మమే. రాసుడు సరిగ్గా లేకుండా పాలు, గుడ్లు, వేరుశనగ ఒక్కొక్కటే మాన్పిస్తూ పోతే బిడ్డ బరువు తగ్గుతుంది, ఎగ్జిమా తగ్గదు. పైగా చాలాకాలం మాన్పించిన పదార్థం మళ్లీ పెట్టినప్పుడు అసలైన అలర్జీ బయటపడే ప్రమాదం ఉంది. తీవ్రమైన ఎగ్జిమా ఉన్న పాపాయిలకు వేరుశనగను 4 నుంచి 11 నెలల మధ్యే మొదలుపెడితే ఆ అలర్జీ బాగా తగ్గుతుందని 2015లో తేలింది. అయితే అలాంటి బిడ్డకు ముందు అలర్జీ పరీక్ష చేయించాలి. గింజలుగా కాదు, మెత్తటి రూపంలోనే పెట్టాలి. తిన్న కాసేపటికే దద్దుర్లు, వాంతులు, పెదాల వాపు వస్తే అది ఎగ్జిమా లెక్క కాదు, అలర్జీ డాక్టరు లెక్క.

దురదకని రోజూ ఇచ్చే అలర్జీ మాత్రలకు ఎగ్జిమా దురద లొంగదు. మత్తునిచ్చే రకం కొన్ని రాత్రులు నిద్రకు పనికొస్తుందేమో, అంతకు మించి కాదు.

రసి కారి పసుపు పక్కు కడితే బ్యాక్టీరియా చేరినట్టు. ఒకే సైజులో, పొడిచినట్టు గుంటలు పడ్డ పుండ్లు గుంపుగా లేచి, జ్వరం, నొప్పి ఉంటే హెర్పిస్ అనే వైరస్ కావచ్చు. దానికి ఎదురుచూపులు పనికిరావు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కంటి దగ్గరైతే మరీ తొందర. ఈ రెండింటిలోనూ తడి బట్ట చుట్టే చికిత్స చేయకూడదు.

అమ్మ చేయా, సొంత చేయా?

ఏడెనిమిదేళ్లకే ఒక చేయి, ఒక కాలు వాళ్లనే రాసుకోనివ్వాలి, వీపు మీరు రాయండి. పన్నెండు పదమూడేళ్లకు ట్యూబు వాళ్లది, గుర్తుచేయడం మీది. ఒక్కసారిగా పదహారేళ్లకు అప్పగిస్తే రాసుకోరు. ఏడు ప్రశ్నలతో వారం లెక్క తీసే పోయెమ్ స్కోరు వాళ్ల చేతే నింపించండి: 28కి 8 నుంచి మధ్యస్థం, 17 నుంచి తీవ్రం. తగాదా లేకుండా మాట్లాడుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది.

పూతలు చాలనప్పుడు స్టిరాయిడ్ మాత్రలు త్వరగా తగ్గిస్తాయి, ఆపగానే అంతకు మించి రేగడం పరిపాటి. డుపిలుమాబ్ ఇంజెక్షన్‌కు అమెరికాలో ఆరు నెలల వయసు నుంచే అనుమతి ఉంది; కళ్లు ఎర్రబడటం దాని సాధారణ దుష్ప్రభావం. ఉపడాసిటినిబ్ లాంటి మాత్రలు 12 ఏళ్ల తర్వాత వాడతారు, త్వరగా పనిచేస్తాయి, రక్త పరీక్షలు తప్పవు. రోగనిరోధక చర్యను తగ్గించే మెథోట్రెక్సేట్‌కూ రక్త పరీక్షలు తప్పవు, పైగా గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లు అది వాడరాదు.

చదువు ముగిసి పని ఎంచుకునేటప్పుడు చేతుల సంగతి ముందే చెప్పాలి. జుట్టు కత్తిరించే పని, నర్సింగ్, వంట, మెకానిక్ పని, ఏదైనా సరే చేతులు రోజంతా తడిసే చోట చిన్ననాటి ఎగ్జిమా తిరిగి రావచ్చు. రబ్బరు గ్లవ్స్ కింద పల్చటి నూలు గ్లవ్స్ వేసుకుని, లోపల చెమట పట్టగానే మార్చుకుంటే చాలావరకు గట్టెక్కుతారు. పిల్లల డాక్టరు నుంచి పెద్దల డాక్టరు దగ్గరకు మారే రోజున ఒక కాగితం వాళ్ల చేతికివ్వండి: ఇంతవరకు వాడిన పూతలు, వాటి శాతాలు, ఏది మంట పెట్టింది, ఎక్కడెక్కడ రాశారు, హెర్పిస్ వచ్చిందా, ఏ నెలల్లో రేగుతుంది.