పెరట్లో అమ్మానాన్నలకి కట్టిన చిన్న ఇల్లు: ఐదేళ్ళు దాటాక నా రివ్యూ

మాది గుంటూరు, 240 గజాల స్థలం. వెనక రేకుల షెడ్డు తీసేసి ఒక గది, చిన్న వంటగది, బాత్‌రూమ్, మొత్తం 330 చదరపు అడుగులు వేశాం. 2019లో మొదలెట్టాం, ఆ ఏడాది ఇసుక కరువు గుర్తుందిగా, బేస్‌మెంట్ దగ్గరే మూడు నెలలు ఆగిపోయి చివరికి 2020 మాఘమాసంలో పాలు పొంగించాం.

వంటగది అక్కర్లేదు, ఎలాగూ మా ఇంట్లోనే తింటారుగా అని చాలామంది అన్నారు, కానీ మా అమ్మకి పొద్దున్నే తన కాఫీ తను కలుపుకోవడం, తన పచ్చడి తను నూరుకోవడం ఎంత ముఖ్యమో ఇన్నేళ్ళలో చూశాను కాబట్టి చెప్తున్నా, చిన్న గట్టయినా సరే పెట్టించండి.

గడప దగ్గర పెద్ద గొడవ. గడప లేకపోతే అదేం ఇల్లురా, పసుపు ఎక్కడ రాయాలి అంది అమ్మ. చివరికి చెక్క గడపనే నేలకి సమానంగా దించి పెట్టించాం, పసుపు రాస్తుంది, కాలికి తగలదు. 2022లో నాన్న తుంటి ఎముక విరిగి వాకర్ మీదకి వచ్చాక ఆ గడప, 3 అడుగుల బాత్‌రూమ్ తలుపు, ఈ రెండే మమ్మల్ని కాపాడాయి.

ఇక తప్పులు. బాత్‌రూమ్‌లో పట్టుకునే స్టీల్ రాడ్‌ని నాలుగున్నర అంగుళాల గోడకి మామూలు స్క్రూలతో బిగించారు, ఏడాదికే ఊగిపోయింది, నాన్న పడబోయి ఆగారు. గోడ లేపేటప్పుడే అక్కడ కాంక్రీటు పోయించాల్సింది. తర్వాత గోడకి అవతలి వైపు ప్లేటు వేసి బోల్టులు బిగిస్తే ఇప్పటికీ కదల్లేదు.

ఇంకోటి, ఖర్చు కలిసొస్తుందని మేస్త్రి కొత్త గోడని పాత ఇంటి గోడకి ఆనించి కట్టేశాడు. మనది నల్లరేగడి, వానకి ఉబ్బుద్ది, ఎండకి కుంచించుకుపోద్ది, పాత ఇల్లు ఎప్పుడో సర్దుకుంది, కొత్తది అప్పుడే సర్దుకుంటోంది, రెండూ కలిసిన చోట పైనుంచి కిందదాకా బీట వచ్చి వానాకాలం చెమ్మ. ఎంత పూడ్చినా మళ్ళీ వస్తోంది. మధ్యలో అంగుళం సందు వదిలి పైన రేకు కప్పితే సరిపోయేది, ఇది మాత్రం దయచేసి మేస్త్రికి వదిలెయ్యకండి, పునాది దగ్గరే నిలబడి చూసుకోండి.

ఎండాకాలం సంగతి, స్లాబ్ మీద తెల్ల కూల్ పెయింట్ బాగానే పనిచేస్తోంది గానీ రెండేళ్ళకోసారి వెయ్యాలి, పడమటి గోడ తొమ్మిదంగుళాలు వేయించడం మంచిదైంది, మే నెల్లో కూడా సాయంత్రం ఆ గోడ మీద చెయ్యి పెట్టొచ్చు. మంచం పక్కనుంచి మా హాల్లోకి కాలింగ్ బెల్ వైరు లాగించాం, ఖర్చు కొంచెమే, రాత్రిపూట నాకు నిద్ర పడుతోందంటే దానివల్లే.

వెనక సెట్‌బ్యాక్ (ప్రహరీకీ కట్టడానికీ మధ్య వదలాల్సిన ఖాళీ) వదిలి ప్లాన్ పెట్టాం కాబట్టి పర్మిషన్‌కి ఇబ్బంది రాలేదు. అరుగు మాత్రం మర్చిపోయాం. నాన్న సాయంత్రాలు సందులో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు, ఈ వానలు తగ్గాక కట్టించాలి.