సీటీసీ వైపు "కొత్త ఐ7" సిస్టమ్ కొనేవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి

పొద్దున్న ఆ షాపుకి వెళ్లి గొడవపడి వచ్చాను, ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. మా పాప బీటెక్ సీఎస్ఈలో చేరిందని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ షాపులుండే కాంప్లెక్స్) దగ్గర ఒక షాపులో సిస్టమ్ అసెంబుల్ చేయించాను. కంప్లయింట్ పెడుతున్నాను కాబట్టి షాపు పేరు ఇక్కడ రాయట్లేదు. ఇంటెల్ ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచే డిస్క్), మానిటర్ అన్నీ కలిపి 38 వేలు. "అన్నీ కొత్తవేనా, లేటెస్టేనా" అని కౌంటర్ దగ్గర నిలబడి అడిగాను. "సీల్డ్ పీస్ సార్, మీ కళ్ల ముందే ఓపెన్ చేస్తా" అన్నాడు. మదర్‌బోర్డు డబ్బా సీలు తీసి చూపించాడు, క్యాబినెట్ మీద కవర్ ఊడదీశాడు. ప్రాసెసర్ మాత్రం ఏ డబ్బాలోంచి వచ్చిందో చూపించలేదు, లోపలి గదిలో బిగించి పట్టుకొచ్చాడు.

ఇంటికొచ్చాక ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే ఫోన్‌లా నడిచే సాఫ్ట్‌వేర్) ఆన్ చేస్తే చాలు, మౌస్ కూడా కదలదు. పాప నెట్ స్లోగా ఉందేమో అనుకుంటూ వచ్చింది. మా బావమరిది వచ్చినప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ తెరిచాడు. కుడివైపు పైన ఐ7-3770 అని ఉంది. "బావా, ఇది 2012లో వచ్చిన ప్రాసెసర్, నీకు కొత్తదని ఎవడమ్మాడు?" అన్నాడు.

ఐ7 పక్కన ఉండే నంబరే అసలు సంగతి. 3770లో మొదటి 3 అంటే మూడో జనరేషన్. 12700 అయితే పన్నెండోది. దీనికి వేసిన బోర్డు హెచ్61, ఆ చిప్‌సెట్ 2011 నాటిది, కానీ ఆ రకం బోర్డులు కొత్త డబ్బాల్లో ఇప్పటికీ అమ్ముతున్నారు. మోసం జరిగేది అక్కడే. బోర్డు కొత్తది, క్యాబినెట్ కొత్తది, ముందు ఐ7 స్టిక్కర్ తళతళలాడుతుంది, లోపల ఉన్నది మాత్రం ఎవరో వాడి పడేసిన సిస్టమ్‌లోంచి పీకిన ప్రాసెసర్. పన్నెండో జనరేషన్ ఐ3 కూడా దీన్ని సులువుగా దాటేస్తుంది. పైగా విండోస్ 11కి ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో జనరేషన్ ఉండాలని మైక్రోసాఫ్టే చెప్పింది. వీళ్లు ఆ చెకింగ్‌ని తప్పించి దొడ్డిదారిన ఎక్కించారు. పోనీ విండోస్ 10 వేసుకుందామంటే దానికి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆపేశారు. అంటే నాలుగేళ్లు చదవాల్సిన పిల్ల చేతిలో మొదటి రోజే కాలం చెల్లిన మెషీన్ పెట్టారు.

సరే, మార్చి ఇస్తారేమోనని పాపను తీసుకుని సిస్టమ్ మోసుకెళ్లాను. అమ్మేటప్పుడు కుర్చీ వేసి చాయ్ తెప్పించిన మనిషే ఈసారి ఫోన్‌లోంచి తలెత్తలేదు. "ఐ7 కావాలన్నారు, ఐ7 ఇచ్చాం. జనరేషన్ ఏదని మీరు అడగలేదు కదా సార్" అన్నాడు. కొత్తది అని చెప్పారు కదా అంటే, "మాకు కొత్తగా వచ్చిన స్టాకే అది" అన్నాడు. బిల్లు ఇవ్వమంటే చేత్తో రాసిన చీటీ మళ్లీ నా ముందుకే తోశాడు. దాని మీద "ఐ7 సెట్" అని రెండే ముక్కలు, మోడల్ నంబర్ లేదు, జీఎస్టీ నంబర్ లేదు. కొన్న రోజు అసలు బిల్లు అడిగితే 18 శాతం ఎక్స్‌ట్రా పడుతుందని, మర్నాడు వాట్సాప్‌లో పంపిస్తానని మాట దాటేసింది కూడా అతనే. ఇదంతా ఒక ఎత్తు, ఆ తర్వాత అన్న మాట ఇంకో ఎత్తు. పాప వైపు చూసి, "గేములు ఎక్కించి ఉంటది సార్, ఆడపిల్లలకి ఇంత సిస్టమ్ ఎందుకు, చిన్న ల్యాప్‌టాప్ చాలదా" అన్నాడు. పక్కన కస్టమర్లు వింటున్నారు. పిల్ల ముఖం కందిపోయింది, బయటికొచ్చాక ప్యారడైజ్ దాటేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. 38 వేలు పోయినదానికంటే నాకు అదే ఎక్కువ కోపం.

పాత సరుకుని కొత్తదని అమ్మడం, బిల్లు ఇవ్వకపోవడం, రెండూ 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే కంప్లయింట్ తీసుకుంటారు, 5 లక్షల లోపు అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసుకి ఫీజు కూడా లేదు. నా దగ్గర యూపీఐ పేమెంట్ వివరాలు, వాట్సాప్ చాట్, ఆ చీటీ ఉన్నాయి, వాటితోనే వెళ్తున్నాను.

సీటీసీలో నమ్మకంగా అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు, అందరినీ అనట్లేదు. మీరు మాత్రం కొటేషన్‌లో ప్రాసెసర్ పూర్తి నంబర్, బోర్డు మోడల్, ర్యామ్ డీడీఆర్3నా, 4నా, 5నా అన్నీ రాయించుకోండి, ప్రాసెసర్ డబ్బా మీ ముందే తెరవమనండి, టాస్క్ మేనేజర్ చూశాకే డబ్బు కట్టండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, ఎస్ఎస్‌డీ ఎన్ని గంటలు నడిచిందో చూపిస్తుంది, కొత్తదైతే వందల గంటలు ఉండవు. ఈమధ్య ఆ లైన్లో ఎవరైనా చీటీ మీద "ఐ7 సెట్" కొని ఉంటే ఇవాళే తెరిచి నంబర్ చూసుకోండి, వాట్సాప్ చాట్‌లు డిలీట్ చేయకండి.