బానెట్ ఎత్తి చూసిన కార్లు: హైదరాబాద్ నుంచి కోయంబత్తూరు దాకా

మా బాబాయి దగ్గర 1994 మోడల్ అంబాసిడర్ ఉంది. 1800 ఐఎస్‌జెడ్ అంటారు దాన్ని. బయటికి అదే పాత గుండ్రటి బండి. లోపల మాత్రం జపాన్ ఇసుజు వాళ్ల 1.8 లీటర్ పెట్రోల్ ఇంజన్, ఐదు గేర్లు, స్టీరింగ్ పక్కన కాకుండా కింద నిలబడిన గేర్ రాడ్. ఆ బండిలో బాబాయి, నేను, మా బావమరిది ఆరు రోజులు తిరిగొచ్చాం. పాత కార్లు చూడాలి, అందులోనూ ఇంజన్ మార్చుకున్న పాత కార్లు చూడాలి. మా పని అదే.

నా చిన్నప్పుడు నాన్న నడిపిన అంబాసిడర్‌లో మెటాడోర్ డీజిల్ ఇంజన్ ఉండేది. కంపెనీ ఇంజన్ పాడైపోతే పాత మెటాడోర్ వ్యానుది తెచ్చి బిగించారు. ఆ బండి మా ఇంటికి పన్నెండేళ్లు అన్నం పెట్టింది. అందుకే ఇంజన్ మార్చిన కారును ఎవరైనా 'అసలుది కాదు' అని కొట్టిపారేస్తే నాకు బాధేస్తుంది. ఈ ప్రయాణంలో ప్రతి చోటా నేను చూసింది ఒకటే: ఇక్కడ బానెట్ ఎత్తి చూపిస్తారా, లేదా?

బయల్దేరే ముందు రోజు హైదరాబాద్‌లోనే చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్లాం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ చేసిన పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అక్కడుంది, 1912 నాటిది. ఆ మోడల్‌లో ఆరు సిలిండర్లు, 7 లీటర్లకు పైబడిన ఇంజన్. నడుస్తుంటే చప్పుడే వినపడేది కాదని ఆ పేరు పెట్టారు. మనకు కనపడేది పసుపు రంగు, వెనక సింహాసనం లాంటి సీటు. లోపలి ఇంజన్‌ని ఊహించుకోవాల్సిందే. వందేళ్లు దాటిన వస్తువును అలా భద్రంగా ఉంచడమే న్యాయం. అయినా బాబాయి చాలాసేపు ఆ మూసిన బానెట్ వైపే చూస్తూ నిలబడ్డాడు.

మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. కర్నూలు, అనంతపురం మీదుగా బెంగళూరు దాకా రోడ్డు గురించి చెప్పడానికేమీ లేదు, బాగుంది. పాత బండితో వెళ్లేవాళ్లు 70, 80 మించకుండా ఎడమ లైన్‌లో వెళ్తే ఇంజన్‌కీ మనకీ టెన్షన్ ఉండదు. బెంగళూరు ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు ఎక్కుతుందని భయపడ్డాం. రాత్రి తొమ్మిది దాటాక ఊరు దాటడంతో గట్టెక్కాం.

శ్రీరంగపట్నం దగ్గర మైసూరు హైవే మీదున్న పయణ మ్యూజియంలో ధర్మస్థల ధర్మాధికారి వీరేంద్ర హెగ్గడే గారు సేకరించిన కార్లు ఉన్నాయి. పొడుగాటి బానెట్లు, మెరిసే క్రోమ్, చెక్క చక్రాల కాలం నుంచి మన కాలం దాకా. కార్ల మీద ఇష్టం అప్పుడే మొదలైన పిల్లల్ని తీసుకెళ్లడానికి ఇంతకంటే మంచి చోటు ఈ దారిలో లేదు. తీరిగ్గా రెండు గంటలు పెట్టుకోండి. మ్యూజియం కాబట్టి అక్కడ కార్లు పుట్టినప్పుడు ఎలా ఉన్నాయో తెలుస్తుంది. ఆ తర్వాత బతకడానికి ఏం చేశాయన్నది వేరే చోట వెతుక్కోవాలి.

బసల గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే పాత కారుతో వెళ్లేవాళ్లకు గది కంటే పార్కింగే ముఖ్యం. మొదటి రాత్రి దిగిన హోటల్ కొత్తది. ఏసీ బాగుంది, పరుపులు బాగున్నాయి. పార్కింగ్ మాత్రం నేలమాళిగలో, బాగా ఏటవాలు ర్యాంప్ దిగాలి. పైగా బండి తామే పెడతామని, తాళాలు ఇమ్మని పట్టుబట్టారు. బాబాయి వద్దన్నా వినలేదు. ఆ కుర్రాడు అంబాసిడర్ ఎప్పుడూ నడపలేదు. ర్యాంప్ అంచుకు సైలెన్సర్ తగిలి క్లాంప్ ఊడింది. మేనేజర్ క్షమాపణ చెప్పాడు గానీ పొద్దున్నే మెకానిక్‌ని పిలిపించమంటే చేతులెత్తేశాడు. ఇనప తీగతో మేమే కట్టుకున్నాం.

రెండో రాత్రి మైసూరులో ఒక పాత లాడ్జికి మారాం. మధ్యలో పెద్ద వాకిలి, చుట్టూ గదులు. వేడినీళ్లు పొద్దున ఒక గంటే. దుప్పట్లు పలచగా ఉన్నాయి. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాం. రాత్రి కాపలా ఉండే పెద్దాయన ఒకప్పుడు టాక్సీ డ్రైవర్. మా బండి చప్పుడు విని గేటు దాకా వచ్చాడు. 'ఇసుజు ఇంజన్' అని కన్నడంలో తనే అన్నాడు. బానెట్ మూసే ఉంది! చక్రం కింద చెక్క ముక్క పెట్టి, పొద్దున రేడియేటర్‌లో పోయడానికి బకెట్ నీళ్లు సిద్ధంగా ఉంచాడు. ఆ సేవకు నక్షత్రాలు ఎవరిస్తారు?

మైసూరు నుంచి చామరాజనగర్, హాసనూరు మీదుగా కోయంబత్తూరు వెళ్లే దారిలో దింబం ఘాట్ ఉంది. 27 హెయిర్‌పిన్ మలుపులు. పులుల అభయారణ్యం కాబట్టి రాత్రిపూట వాహనాల మీద నిషేధం ఉంటుంది, పగలే దాటాలి. ఇటు నుంచి వెళ్తే దిగుడు. డ్రమ్ బ్రేకులున్న బండి బ్రేకుల మీదే ఆధారపడి దిగితే సగం దారిలో పట్టు తప్పుతుంది. రెండో గేర్‌లో ఉంచి ఇంజన్‌తోనే ఆపుకుంటూ దిగాడు బాబాయి. ప్రతి మలుపులో లారీలు వెనక్కీ ముందుకీ తీసుకుంటుంటాయి, ఓపిక కావాలి.

కోయంబత్తూరులో అవినాశి రోడ్డు మీదున్న జీడీ కార్ మ్యూజియం జి.డి.నాయుడు గారి సంస్థ వాళ్లది. నాయుడు గారు 1920లో పళని, పొల్లాచ్చి మధ్య ఒక్క బస్సుతో రవాణా వ్యాపారం మొదలుపెట్టిన మనిషి, విద్యుత్ మోటార్ల దగ్గర్నుంచి ఎన్నో యంత్రాలు తయారుచేయించిన మనిషి. ఇంజన్ ఎక్కడ పెట్టాలి, ఎంత చిన్నది చేయాలి అని ఒక్కో దేశం ఒక్కోలా ఆలోచించిందని ఆ మ్యూజియంలో తిరుగుతుంటే తడుతుంది. మూడింట్లో నాకు బాగా నచ్చిన మ్యూజియం ఇదే. బావమరిదికి మాత్రం పయణే నచ్చింది, ఫోటోలకు అదే బాగుందన్నాడు.

కానీ ఈ ప్రయాణం మొత్తానికి విలువ తెచ్చింది ఆదివారం పొద్దున ఒక లేత్ వర్క్‌షాప్ ముందు చేరిన ఎనిమిది కార్లు. లాడ్జి పెద్దాయన కోయంబత్తూరులో తనకు తెలిసిన మెకానిక్ నంబర్ ఇచ్చాడు. ఫోన్ చేస్తే ఆదివారం రమ్మన్నాడాయన. కోయంబత్తూరు పంపులకీ, ఫౌండ్రీలకీ, లేత్ పనికీ పేరుపడ్డ ఊరు. ఇంజన్ మార్చడంలో అసలు కష్టం ఇంజన్ దొరకడం కాదు, దాన్ని బండికి అతికించడం. ఆ అతికే ముక్కలు కోసిచ్చే చేతులు ఆ ఊళ్లో వీధికొకటి ఉన్నాయి.

ఆ మెకానిక్‌ది ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబం. మేం నోరు విప్పగానే, "ఏ ఊరి నించి వస్తిరి?" అన్నాడు. ఇక భాష ఇబ్బంది లేకుండా పోయింది. అన్ని బానెట్లూ ఎత్తే ఉన్నాయి.

మొదటిది 1970ల నాటి అంబాసిడర్ మార్క్ 2. లోపల మెటాడోర్ డీజిల్. నాన్న బండి గుర్తొచ్చి నేను దాని దగ్గరే ఆగిపోయాను. అంబాసిడర్ సొంత పెట్రోల్ ఇంజన్ 1489 సీసీ. దాని చోట ఈ డీజిల్ పెడితే పొడుగూ బరువూ రెండూ ఎక్కువే. రేడియేటర్‌ని ముందుకు జరపాలి. ఇంజన్ కూర్చునే మౌంటింగులు కొత్తగా చేయాలి. బరువుకి ముక్కు కిందికి వాలుతుంది కాబట్టి ముందు స్ప్రింగుల్లా పనిచేసే టార్షన్ బార్లు బిగించి లేపాలి. డీజిల్ వెనక్కి పంపే గొట్టం ఇంకొకటి ట్యాంక్ దాకా వేయాలి. అన్నీ చేశాక చాలామంది మర్చిపోయేది డిఫరెన్షియల్, అంటే వెనక ఇరుసులో చక్రాలను తిప్పే పళ్ల చక్రాల పెట్టె. డీజిల్ ఇంజన్ తక్కువ తిరుగుళ్లలోనే బలం ఇస్తుంది. పెట్రోల్ బండి పళ్ల నిష్పత్తి అలాగే ఉంచితే 60 దాటగానే ఇంజన్ అరుస్తుంది. "ఇంజన్ మారిస్తే సగం పని. వెనక క్రౌన్ పినియన్ మారిస్తేనే పూర్తి పని," అన్నాడాయన. డిఫరెన్షియల్ లోపలి పళ్ల చక్రాల జత అది. నాన్న బండి ఎందుకంత గోల చేసేదో నాకు ముప్పై ఏళ్ల తర్వాత తెలిసింది.

దాని పక్కన ప్రీమియర్ పద్మిని, లోపల మారుతి జిప్సీ ఇంజన్. జిప్సీయే ఎందుకని అడిగాను. ముందు చక్రాలతో నడిచే కార్లలో ఇంజన్ అడ్డంగా కూర్చుంటుంది. పద్మిని వెనక చక్రాల బండి, దానికి నిలువుగా కూర్చునే ఇంజన్, గేర్‌బాక్స్ కావాలి. మారుతిలో అలా దొరికేవి జిప్సీ, ఓమ్ని లాంటివి. పద్మిని ఇంజన్ 1089 సీసీ. జిప్సీ కింగ్ ఇంజన్ 1298 సీసీ, పైగా అల్యూమినియం, తేలిక. స్టార్ట్ చేస్తే కుట్టు మిషన్ లాగా మెత్తగా నడిచింది. నాకు ఆ కారులో అన్నిటికంటే నచ్చింది డ్యాష్‌బోర్డు. పాత మీటర్లు అన్నీ పనిచేస్తున్నాయి, స్పీడోమీటర్ కేబుల్‌కి చిన్న గేర్ కోయించి మరీ సరిచేశారు.

అక్కడ అంబాసిడర్ చేసిన హిందుస్థాన్ మోటార్స్ వాళ్లదే ఒక కాంటెస్సా కారు చుట్టూ వాదన నడిచింది. దాని యజమాని, మార్పులేవీ లేని కారు నాదొక్కటే అన్నాడు. బాబాయి ఒప్పుకోలేదు. "కంపెనీయే మార్చింది కదండీ," అన్నాడు. నిజమే. వాక్స్‌హాల్ విక్టర్ బాడీతో 1984లో వచ్చిన కాంటెస్సాకి మొదట అంబాసిడర్ 1489 సీసీ ఇంజనే పెట్టారు. అంత బరువైన బండికి 50 హార్స్‌పవర్ చాలలేదు. ఇసుజు వచ్చాకే దాని రూపానికి తగ్గ నడక వచ్చింది. ప్రీమియర్ 118ఎన్‌ఈ కూడా అంతే, ఫియట్ 124 బాడీ, నిస్సాన్ ఇంజన్. తిరగబడిన ఉదాహరణ ఒకటి మెకానిక్ చెప్పాడు: మద్రాసులో తయారైన స్టాండర్డ్ 2000. రోవర్ ఎస్‌డీ1 అందమైన బాడీలో పాత స్టాండర్డ్ వాన్‌గార్డ్ కారు కాలం నాటి 1991 సీసీ ఇంజన్ పెట్టారు. కొద్ది ఏళ్లకే ఆగిపోయింది. అందరూ కాసేపు దాని గురించే బాధగా మాట్లాడుకున్నారు.

చివర్లో ఒక మహీంద్రా జీప్, సీజే 3బీ రకం. దాని బానెట్ అంత ఎత్తు ఎందుకో బావమరిదికి అప్పుడే తెలిసింది. ఆ జీప్‌ని రూపొందించిన అమెరికా కంపెనీ విల్లీస్ వాళ్లు ఎత్తైన హరికేన్ ఇంజన్ పెట్టడానికే ఆ బానెట్ పైకి లేపారు. ఇప్పుడందులో ప్యూజో డీజిల్ ఉంది.

కాగితాల మాట కూడా వచ్చింది, అది తప్పక చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజన్ మారిస్తే ఆర్టీఏ అనుమతి కావాలి, ఆర్సీలో ఎక్కాలి. అక్కడున్న ఎనిమిదింట్లో రెండు కార్లకు ఆర్సీలో ఇంకా పెట్రోల్ అనే ఉంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర పెద్ద చిక్కు. మెకానిక్ ఇప్పుడు కాగితం లేనిదే కొత్త పని ఒప్పుకోవట్లేదట. సరైన పని, నా దృష్టిలో. ఇంకోటి, 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి 'వీఏ' నంబర్ ప్లేట్ వస్తుంది, కానీ ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. ఇంజన్ మార్చుకుని బతికిన కార్లకు అందులో చోటు లేదు.

ఆ మార్క్ 2 యజమాని అప్పుడు మమ్మల్ని షెడ్డు వెనక్కి తీసుకెళ్లాడు. టార్పాలిన్ తీస్తే కింద అసలు 1489 సీసీ ఇంజన్, గ్రీజు పూసి చెక్క దిమ్మల మీద కూర్చోబెట్టి ఉంది. వాళ్ల నాన్న తీసి పక్కన పెట్టింది. పారేయలేదు, అమ్మలేదు. ఎప్పటికైనా తిరిగి బిగిస్తానన్నాడు. కార్బురేటర్ ఒక్కటే లేదు. బాబాయి చాలాసేపు ఏం మాట్లాడలేదు.

తిరుగు ప్రయాణంలో దింబం ఎక్కుతుంటే పద్దెనిమిదో మలుపు దగ్గర బండి ఆగిపోయింది. ఎండకి పెట్రోల్ పంపులో ఆవిరి పట్టింది. నేను ఇన్సూరెన్స్ కంపెనీ సహాయ నంబర్‌కి ఫోన్ చేశాను. పాత బండికి థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంది కాబట్టి దారిలో సహాయం రాదన్నారు. బయల్దేరే ముందే అడిగి తెలుసుకోవాల్సింది, మీరు అడగండి. ఒక లారీ డ్రైవర్ ఆగి, తడిగుడ్డ పంపు చుట్టూ కట్టి, తన నీళ్ల డబ్బా ఇచ్చాడు. ఇరవై నిమిషాల్లో బండి కదిలింది. డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

ఇంటికొచ్చిన రాత్రే బాబాయి అటక ఎక్కాడు. నాన్న బండి నుంచి తీసిన పాత కార్బురేటర్ గోనెసంచిలో చుట్టి అక్కడే ఉందట, నాకు ఇన్నేళ్లూ తెలియదు. రెండు రోజులు కిరోసిన్‌లో నానబెట్టి, పెట్రోల్ వచ్చే సన్న రంధ్రాల జెట్లు ఊది, మూడో రోజు కోయంబత్తూరుకి పార్సిల్ చేశాడు.